వంకాయ వాహనం

ఒక మనిషికి మేనమామ ఉండడం మంచిదే. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికీ, పెళ్ళిలో గంప మోయడానికీ ఆయన కావాలి. అంతకుమించి ఆయన్ని ఎక్కడికీ, అందులోనూ మాంత్రికుడి మీదికి పోయేటప్పుడు, వెంటబెట్టుకు వెళ్ళకూడదని రాకుమారి తరళకు ఈ ప్రయాణంలో బాగా తెలిసివచ్చింది.

తరళ మేనమామ పేరు ప్రచండదత్తుడు. పేరులో ఉన్న ప్రచండం ఆయన మీసాల్లో కొంత, భోజనంలో చాలా కనిపించేది. కనకశృంగ రాజ్యపు మహారాణికి ఆయన ఒక్కగానొక్క తమ్ముడు. ఆ ఒక్కడు చాలని మహారాజు అప్పుడప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ప్రచండదత్తుడు 'పొరపాటు నాదే' అన్న మాట పలకలేదు. ఏనుగు మీంచి పడితే ఏనుగు కుంటిదన్నాడు. అది పాపం నిజంగానే కుంటింది, ఈయన పడింది దాని కాలి మీద. చదరంగంలో ఓడితే బల్ల ఏటవాలుగా ఉందన్నాడు. మొన్నటికి మొన్న నడిసముద్రంలో ఓడ నాయకుడు సుడిగుండమని కేకలు పెడుతుంటే, "అది మబ్బునీడోయ్, పోనీ" అని చుక్కాని తనే తిప్పాడు. ఓడ పోయింది. తరళా, ఆయనా ఒక దూలాన్ని పట్టుకుని తేలారు. ఆ దూలం మీద కూడా ఆయన, "నీడే అది. లోతైన నీడ," అన్నాడు.

ఇంతకీ ఈ తిప్పలన్నీ యువరాజు జయసేనుడి కోసం. ఘూకదంతుడనే మాంత్రికుడు సన్యాసి వేషంలో కోటలోకి వచ్చి, నిద్రపోతున్న యువరాజు ఊపిరిని ఒక కాగితపు దీపంలోకి లాక్కుని మాయమయ్యాడు. దేహం అక్కడ గంధపు పాన్పు మీద కదలకుండా ఉంది. ప్రాణం ఇక్కడెక్కడో కాగితం చాటున మినుకుమంటూ ఉంది. మూసిన కోటతలుపు ఆ దొంగ సన్యాసికి తీసినవాడు ముసలి ద్వారపాలకుడు కొమ్మయ్యేనని ప్రచండదత్తుడు నిండుసభలో సాక్ష్యం చెప్పాడు. "నేను తియ్యలేదు ప్రభూ," అని కొమ్మయ్య ఒక్క ముక్క అని చెరసాలకు నడిచాడు. అన్నను తెస్తానని తరళ కత్తి పట్టగానే, "ఆడపిల్లని ఒంటరిగా పంపుతానా? నేనూ వస్తా!" అని ప్రచండదత్తుడు మీసం దువ్వాడు. అక్కగారు కాళ్ళు పట్టుకుని ఆపుతుందని ఆయన ధైర్యం. అక్కగారు దారిబత్తెం కట్టించింది.

తరళ మెడలో ఒక దంతపు భరిణె వేలాడుతోంది. మాంత్రికుడు ప్రభాతద్వీపానికి పోయాడని చెప్పి కొండల్లో ఒక యోగిని ఇచ్చిన పారిజాతం అందులో ఉంది. అన్న ప్రాణానికి గండం దగ్గరపడే కొద్దీ దాని రేకులు ఒక్కొక్కటే నల్లబడతాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఉదయాన భరిణె తెరిచి చూస్తే తెల్లరేకులు రెండే మిగిలాయి.

వాళ్ళు చేరిన చోటు ఆ ప్రభాతద్వీపమే. లోకంలో పొద్దు మొట్టమొదట పొడిచేది అక్కడేనని అక్కడివాళ్ళ నమ్మకం. వెదురు పొదల్లోంచి వచ్చే గాలి పిల్లనగ్రోవి మరిచిపోయిన పాటలా ఉంది. చెక్క ఇళ్ళకు కాగితపు తలుపులు. కొండవాలున అంచెలంచెలుగా దిగి వచ్చే వరిమళ్ళు, పచ్చపట్టు చీర కుచ్చెళ్ళు ఎవరో ఆరబెట్టి మరిచిపోయినట్టున్నాయి. ప్రతి వాకిట్లోనూ జనుము పుల్లల బూడిద, ప్రతి చూరుకీ ఎర్రని కాగితపు దీపం. ఏరు సముద్రంలో కలిసే చోట, నీళ్ళ నడుమ, రెండు స్తంభాల మీద అడ్డదూలంతో సిందూరపు రంగు తోరణమొకటి ఒంటరిగా నిలబడి ఉంది. దానికి అటు గోడా లేదు, ఇటు గుడీ లేదు.

"తలుపు లేని గుమ్మం!" అన్నాడు ప్రచండదత్తుడు. "కట్టడం మొదలెట్టి బద్ధకించి వదిలేశారు. జాతి మొత్తం ఇంతే కామోసు."

ఇద్దరూ పగడాల వర్తకుల వేషం వేశారు. తరళ తలపాగా చుట్టి మగవేషంలో గుమాస్తా అయింది. షావుకారు వేషం తనకే కావాలని ఆయన పట్టుబట్టాడు. బొజ్జ సిద్ధంగా ఉంది కనుక తరళ వాదించలేదు. ఏటి ముఖద్వారాన, నీళ్ళలోకి దిగే మెట్లున్న ఒక పూటకూళ్ళ ఇంటి ముందు ఇద్దరూ ఆగారు. కికు అవ్వ అనే ముసలామె వాళ్ళని పైనుంచి కిందికి, ముఖ్యంగా కింద, చూసింది.

"చెప్పులతో లోపలికి వస్తే కాళ్ళు విరగ్గొడతాను. మీ ఊళ్ళో పశువులు కూడా ఇంతేనా?"

"ఏవిటీ! షావుకార్ని, తెలుసా?"

"షావుకారువైతే పాదాలకి మట్టి అంటదా?"

తరళ నవ్వు దాచుకుని చెప్పులు విడిచింది. లోపల చాప మీద పెద్దల పీఠం అమర్చి ఉంది. పళ్ళు, అన్నపు ముద్దలు, తామరపువ్వులు. వాటి ముందు రెండు వింత బొమ్మలు. కీరదోసకాయకి నాలుగు జనుము పుల్లలు గుచ్చి ఒకటి, నిగనిగలాడే నల్లని వంకాయకి నాలుగు పుల్లలు గుచ్చి ఒకటి.

"ఇదేవిటి, కూరలకి కాళ్ళొచ్చాయి?" అన్నాడు ప్రచండదత్తుడు.

"అది గుర్రం, ఇది ఆవు. మా ఇంట్లో పోయినవాళ్ళు ఈ పండక్కి గుర్రమెక్కి వస్తారు, ఇంటికి చేరాలన్న తొందర కదా! వెళ్ళేటప్పుడు ఆవెక్కి వెళతారు. వెళ్ళబుద్ధి కాదు, అందుకని నెమ్మదిగా."

ఆయన బొజ్జ కదిలేలా నవ్వాడు. "దోసకాయెక్కి తాతలొస్తారట! విన్నావా గుమాస్తా?"

"మీ దేశంలో అన్నం ముద్ద చేసి కాకికి పెట్టి, అదే మీ తాత అంటారట కదా. ఓడవాళ్ళు చెప్పారు."

"అది శాస్త్రం!"

"కాకి రాకపోతే?"

"వచ్చేదాకా నిలబడతాం."

"నా గుర్రం వేళకొస్తుంది," అంది అవ్వ.

ఆయన మాటకు తడుముకుంటూ, వంకాయ ఆవుని వేలితో పొడవబోయాడు. అవ్వ ఆ వేలి మీద గరిటెతో ఒక్కటిచ్చింది.

"ముట్టుకోకు. దాన్ని తిన్నవాడు దాని బదులు తానే మోయాలి. అదీ, తిన్నది నేనే, తప్పు నాదే అని నోరారా ఒప్పుకుంటేనే. మా ముత్తవ్వ కాలంలో మేక తినేసింది. మేక నోరు విప్పి ఒప్పుకోదు కదా! మా ముత్తాత తిరిగి వెళ్ళలేక ఏడాది పొడుగునా అటక మీద దగ్గుతూ కూర్చున్నాడు. ఇంకో ఏడాదైతే దారి మరిచి దెయ్యమైపోయేవాడే."

"అబ్బో," అన్నాడు ప్రచండదత్తుడు, వేలు చప్పరిస్తూ.

పీఠం పక్కన ఖాళీ చాప మీద మనిషి కూర్చున్నంత మేర గుంట పడి ఉంది. దాని ముందున్న చిలుం తనంతట తానే పొగ వదులుతోంది. తరళ అటు వేలు చూపింది.

"మా ఆయన, తోకుబే," అంది అవ్వ తేలిగ్గా. "పడవ నడిపేవాడు. బతికున్నన్నాళ్ళూ ఒక్కనాడు వేళకి ఇల్లు చేరలేదు. పోయాక మాత్రం ఏటా ఠంచనుగా వస్తాడు. ఆ బుద్ధి అప్పుడు ఏమైందో!"

చిలుం నేల మీద ఠక్కుమని కొట్టుకుంది. అవ్వ మూతి తిప్పింది.

పోయినవాళ్ళు కూర్చున్న ఇంట్లో అబద్ధం ఎందుకని తరళ తలపాగా తీసేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అవ్వ ముఖంలో వెటకారం కాసేపు సెలవు పుచ్చుకుంది.

"ఇవాళే పండగ ఆఖరు. సూర్యాస్తమయానికి ఊరంతా దీపాలు ఏట్లో వదులుతాం. ప్రతి దీపంతో ఒక ఇంటి పెద్ద ఆ ఎర్రతోరణం దాటి తమ లోకానికి పోతారు. దాటినవాళ్ళు మళ్ళీ ఏడాదికే. నీ అన్న బతికున్నవాడు, ఆయనకు ఏడాదీ లేదు, గుర్రమూ లేదు. ఆ దొంగముండావాడు అన్న దీపాన్ని మా దీపాల్లో కలిపేస్తాడు."

"నేను పట్టుకుంటాను."

"ఏది పట్టుకుంటావ్? అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పరాయి దీపాన్ని ఆపావా, అందులోని పెద్దాయన నిన్నే పడవ చేసుకుని తోరణం దాటిస్తాడు. అందులో ఊపిరి ఉందో, జ్ఞాపకం ఉందో పోయినవాళ్ళ కళ్ళకే తెలుస్తుంది." అవ్వ చాప మీది గుంట వైపు తిరిగింది. "ఏమయ్యా, పిల్లకి ఆ దీపం చూపిస్తావా? నీ ఆవు ఎటూ అందరికంటే వెనకే నడుస్తుంది."

చిలుం రెండుసార్లు కొట్టుకుంది. ఒప్పుకున్నట్టు.

మధ్యాహ్నం దాటాక ఊరి మైదానంలో డోళ్ళు మోగాయి. ఘూకదంతుడు దీపం వదిలేలోపే వాణ్ణి పట్టుకుంటే ఇంకా మేలని తరళ అవ్వతో బయల్దేరింది. "నువ్వూ రా మామయ్యా," అంటే, "గడ్డి టోపీలు పెట్టుకుని గుండ్రంగా గెంతే జనాన్ని నేను చూడాలా? పైగా ఆకలి. పొద్దుట పెట్టిన ఆ ఉప్పులేని అన్నం, సముద్రపు నాచు, అదీ ఒక తిండేనా?" అని ఆయన చాప మీద వాలాడు.

మైదానం మధ్య ఎత్తైన మంచె, దాని మీద డోలు. చుట్టూ వలయాలు వలయాలుగా జనం. ముఖం కనబడకుండా ముందుకు వంచిన గడ్డి టోపీలు, నీలిరంగు కోకలు, చేతుల్లో విసనకర్రలు. ఒక అడుగు ముందుకి, రెండు చప్పట్లు, ఒక అడుగు వెనక్కి. చెరువు మీద గాలి తిరిగినట్టు వేల చేతులు ఒక్కసారి లేచి ఒక్కసారి వాలుతున్నాయి. పోయినవాళ్ళు కూడా ఈ వలయంలో కలిసి ఆడతారట. అందుకే టోపీ ఎత్తి ఎవరి ముఖమూ చూడరాదని ఆచారం. దొంగకి ఇంతకంటే మంచి ముసుగు ఏ రాజ్యంలో దొరుకుతుంది?

తరళ ఓ టోపీ పెట్టుకుని వలయంలో దూరింది. అడుగులు నేర్చుకుంటూ కళ్ళు కిందికి దించి పాదాలే చూసింది. బతికున్నవాళ్ళ పాదాలు దుమ్ములో అడుగుజాడలు వదులుతున్నాయి. పోయినవాళ్ళవి వదలడం లేదు. ఒక్కడి పాదాల జాడలు మాత్రం పక్షి గోళ్ళలా మూడు పాయలుగా పడుతున్నాయి.

ఆచారం ఆచారమే, అన్న అన్నే. తరళ కత్తిమొనతో ఆ టోపీని ఎగరగొట్టింది. గుండ్రని పసుపుపచ్చ కళ్ళు, పెదవి దాటి వేలాడే రెండు పళ్ళు. ఘూకదంతుడు!

"ఆడపిల్ల నడకే చెప్పింది. మగవేషం వేస్తే సరా?" అని వాడు విసనకర్ర విసిరాడు. అది గాల్లో చీలి వంద గబ్బిలాలై ముఖం మీదికి వచ్చింది. తరళ కూర్చుని, తిరిగి, లేచి, కత్తిని చక్రంలా తిప్పింది. తెగిన గబ్బిలమల్లా తెగిన కాగితమై రాలింది. జనం చెల్లాచెదురయ్యారు. వాడు మంచె ఎక్కితే ఆమె డోలు మీంచి దూకింది. వాడు ఇంటికప్పు అందుకుంటే ఆమె చూరు పట్టుకుని పైకి లేచింది. పెంకులు విరుగుతున్నాయి, పిల్లులు అరుస్తున్నాయి, వాడు నవ్వుతున్నాడు. చివరి కప్పు అంచున, ఏటి మీద, తరళ వాడి జడ పట్టుకుని గొంతుకి కత్తి ఆనించింది.

"దీపం ఎక్కడ?"

"అయ్యో పిచ్చిపిల్లా! ఎప్పుడో ఏటి పైమలుపులో ఇచ్చేశాను. దిక్కులేని దీపమని చెబితే ఒక ముత్తైదువ కళ్ళనీళ్ళు పెట్టుకుని తన దీపాల్లో కలుపుకుంది. వీళ్ళ పండగ వీళ్ళే చేస్తారు, నా పని వీళ్ళే చేస్తారు. నేను వేలు కదపనక్కర్లేదు." వాడు ఆమె చేతిలో జడ మాత్రం మిగిల్చి గుడ్లగూబై ఎగిరిపోయాడు.

తరళ భరిణె తెరిచింది. ఒక్కటే తెల్లరేకు. పడమటి కొండ మీద సూర్యుడు ఎర్రగా వాలుతున్నాడు. పైమలుపు నుంచి అప్పుడే దీపాల బారు కదిలింది. ఇక తోకుబే తాతే దిక్కు. అవ్వా తరళా ఇంటికి పరిగెత్తారు.

ఇంటికి ఇంకా దూరం ఉండగానే తరళ ముక్కుపుటాలు అదిరాయి. ఆ వాసన ప్రభాతద్వీపంలో పుట్టింది కాదు. దోరగా వేయించిన ధనియాలు, నువ్వులు, ఎండుమిరప. చింతపండు పులుసు నూనెలో కుతకుతమని, అంచుల్లో నూనె తేలి, మసాలా ముద్ద కొంచెం మాడీ మాడకుండా గిన్నెకి అంటుకున్నప్పుడు వచ్చే వాసన. మామూలు రోజైతే ఏ తెలుగు ప్రాణమైనా ఆ వాసన పట్టుకుని గోడలు దూకి పోతుంది. తరళకు మాత్రం పీఠం మీది వంకాయ ఆవు కళ్ళ ముందు మెదిలింది. దారిబత్తెంలో అమ్మ కట్టిన కారప్పొడీ, చింతపండు ఉండా గుర్తొచ్చాయి. ఓడ పోయినా మామయ్య ఆ మూట మాత్రం వదల్లేదు.

పీఠం మీద గుర్రం ఒక్కటే ఉంది.

ప్రచండదత్తుడు గోడకి ఆనుకుని, కళ్ళు అరమూసి, జనుము పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"ఆవేదీ?" అంది అవ్వ.

"ఏ ఆవు?"

"మామయ్యా!"

"నన్నడుగుతావేం? ఎలుకలు తిని ఉంటాయి. కొంపంతా ఎలుకలే!"

"ఎలుకలు గుత్తివంకాయ వండుకుని తిన్నాయా?" అంది తరళ.

"వంటింట్లో నా బుట్టెడు వంకాయలూ ఏమయ్యాయి?" అని అవ్వ లోపల్నుంచి అరిచింది. వంకాయ ఒక్కటైనా మిగిలుంటే ఇంకో ఆవును చేసేదే. కాని ఒక్క వంకాయ కోసం మసాలా నూరి గుత్తికూర ఎవరు చేస్తారు? చేస్తే గిన్నెడు చెయ్యాలి, గిన్నెడు కావాలంటే బుట్టెడు పడాలి. పక్కింటి ఆవు పక్కింటి పెద్దాయనది. అది అరువుకి రాదు.

చాప మీది గుంట లేచింది. చిలుం గాల్లో తేలుతూ గుమ్మం దాకా వెళ్ళి, గడప దగ్గర ఆగి, నిస్సహాయంగా అటూ ఇటూ ఊగింది. దాన్ని చూసి అవ్వ మాట మొదటిసారి తడబడింది. "వెళ్ళలేడు. ఆయన దెయ్యమైపోతాడు." మరుక్షణం తమాయించుకుని ప్రచండదత్తుడి ముఖం మీద ముఖం పెట్టింది. "తిన్నవాడు ఒప్పుకుంటే ఆవు వాడే. ఒప్పుకో!"

"నేనా? నాకు వంకాయ పడదు. దురద."

"నీ పళ్ళ సందున ఉన్నది ఆవు కాలు!"

ఆయన పుల్లను వీపు వెనక దాచాడు. "ఇది నేను మా దేశం నుంచి తెచ్చుకున్నది."

తరళ చేతులు జోడించింది. "మామయ్యా, అన్న ప్రాణం. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"తప్పు చేస్తే కదమ్మా ఒప్పుకునేది," అన్నాడు ఆయన, గడ్డం ఎత్తి.

ఆ గడ్డాన్ని చూస్తూ నిలబడే తీరిక తరళకు లేదు. ఆమె మెట్ల మీంచి నీళ్ళలోకి దూకింది. ఆటు సమయం, నీళ్ళు నడుముదాకానే ఉన్నాయి. తోరణానికి ఎదురుగా నిలబడి, దాటబోయే ప్రతి దీపంలోకీ చూస్తూ అన్నని వెతుక్కోవాలని ఆమె ఆశ. కాని దీపాలు ఒక్కసారిగా వచ్చేశాయి. చుక్కలన్నీ మూటగట్టి ఎవరో ఏట్లో గుమ్మరించినట్టు, అలకి ఒక వరస, వరసకి వందలు, ఎరుపూ తెలుపూ పసుపూ, మెత్తగా ఒకదాన్నొకటి తాకుతూ ఆమె నడుము చుట్టూ ప్రవహించాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అవ్వ అబద్ధం చెప్పలేదు.

తోరణం అడ్డదూలం మీద ఘూకదంతుడు కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు. "వెతుక్కో, వెతుక్కో! తొందరేముంది?" అని మరో గడ్డి టోపీని నీళ్ళలోకి విసిరాడు. అది మునిగి, పెద్ద పీతై లేచి, ఆమె పిక్కని డెక్కతో పట్టింది. తరళ కత్తి దించింది. పెంకు మీద కత్తి రెండు ముక్కలైంది. ఇక అడుగు కదలదు. భరిణెలో చివరి రేకు అంచున నల్లని గీత పడింది.

"మామయ్యా!" ఏటి మీద ఆమె కేక ప్రతిధ్వనించింది.

మెట్ల మీద ప్రచండదత్తుడు నిలబడి ఉన్నాడు. దీపాల వెలుగులో మీసాలు వణుకుతున్నాయి.

"సరే, తిన్నాను! ఆకలేస్తే ఏం చెయ్యమంటారు?" అని అరిచాడు.

ఏమీ జరగలేదు.

"తిన్నాను! అయినా తినే వస్తువుని కళ్ళెదుట పెట్టడమేవిటి, బుద్ధుండాలి!"

చిలుం గడప దగ్గరే ఊగుతోంది. అవ్వ తిట్టలేదు, కొట్టలేదు. జాలిగా చూసింది. ఆ చూపు ఆయనకు గరిటె దెబ్బకంటే గట్టిగా తగిలినట్టుంది.

"తిన్నాను," అన్నాడు ఈసారి నేల చూస్తూ. "ముట్టుకోవద్దని ఆవిడ ముందే చెప్పింది. తప్పు నాదే."

అంతే, ఏదో బరువు వీపు మీద పడి ఆయన ధబాలున నాలుగు కాళ్ళ మీదికి వంగిపోయాడు. చిలుం ఆయన మెడ పైన గాల్లో నిలిచింది. పొగ గీతగీసినట్టు తోరణం వైపు చాచుకుంది. "నడు!" అంది అవ్వ. ప్రచండదత్తుడు మెట్లు దిగి, నీళ్ళలో రెండడుగులు వేసి, ఆగిపోయాడు. కాళ్ళు బురదలో పాతినట్టు బిగుసుకున్నాయి.

"కదలడం లేదే! ఒప్పుకున్నానుగా!"

"నీ పొట్టలో ఉన్నది ఒక్క వంకాయేనా?" అని అవ్వ ఒడ్డు నుంచి కేకేసింది. "ఏళ్ళ తరబడి మింగినవి ఇంకెన్ని ఉన్నాయో కక్కు!"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఏనుగు కుంటిది కాదు. నేను తాగి ఎక్కాను."

కాళ్ళు వదిలాయి. నాలుగు అడుగులు.

"చదరంగపు బల్ల తిన్నగానే ఉంది. నాకు ఆడడం రాదు."

మరికొంత దూరం. నీళ్ళు గడ్డానికి తగిలాయి. ఆయన మెడ ఎత్తి గాలి పీల్చాడు. అచ్చం ఆవులాగే ఉన్నాడని అంత ఆపదలోనూ తరళకు అనిపించింది.

"అది నీడ కాదు! సుడిగుండం! ఓడ నావల్లే పోయింది!"

తోరణం మీద ఘూకదంతుడు నవ్వు ఆపాడు. పీత డెక్క ఇంకా బిగిసింది. తోకుబే తాత పొగ గాల్లో వంకర తిరిగి, వందల దీపాల్లో ఒక్కదాని మీద వాలింది. చిన్నది, మామూలుది, మూల కొంచెం చిరిగింది. దగ్గరగా చూస్తే లోపలి వెలుగు నిద్రపోయేవాడి గుండెలా లేస్తూ, పడుతూ ఉంది.

"అన్నయ్యా!"

తరళ చెయ్యి చాచింది. అందలేదు. దీపం ఆమెను దాటింది. తోరణం నీడలోకి జారుతోంది. ఆవుకీ దానికీ మధ్య ఒక్క అడుగు.

ఆ అడుగు పడలేదు. ప్రచండదత్తుడు బిగుసుకుపోయి నిలబడ్డాడు. పెదవులు నీలంగా మారాయి.

"ఇంకేం లేవు," అన్నాడు. "అన్నీ చెప్పేశాను."

పొగ వణికింది. కాళ్ళు కదల్లేదు.

"మామయ్యా," అంది తరళ. ఆమె గొంతులో కోపం లేదు. అంతకంటే భయంకరమైనదేదో ఉంది. "ఆ సాయంత్రం కోటతలుపు ఎవరు తీశారు?"

ఏటి మీద డోళ్ళ చప్పుడు ఆగిపోయింది. సూర్యుడి అంచు కొండ వెనక మునుగుతోంది. ఆయన మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి, కళ్ళ నుంచి కూడానేమో, ఆ వెలుగులో తెలియదు.

"కొమ్మయ్య వద్దన్నాడు," అన్నాడు చివరికి, చిన్నపిల్లాడి గొంతుతో. "సన్యాసి కాళ్ళు చూడండి బాబూ, పక్షి కాళ్ళలా ఉన్నాయి అన్నాడు. నాకు చెప్పేవాడివా నువ్వు అని వాణ్ణి పక్కకి నెట్టి, గడియ నా చేత్తో తీశాను. జయసేనుణ్ణి వాడి చేతిలో పెట్టింది నేను. కొమ్మయ్యని చెరలో పెట్టించింది నేను. తప్పు నాది, తరళా. మొదట్నుంచీ నాదే."

బురద ఆయన కాళ్ళని వదిలింది, ఆఖరి అడుగు పడింది, తోరణం దాటబోతున్న దీపం ఆయన మెడకి తగిలి ఆగింది.